మూడు పొద్దుల పందెం

నేను ఒక రేసు సైకిల్ని. నాకు క్యారియర్ లేదు, స్టాండు లేదు, గంట లేదు, బురద చిందకుండా ఆపే మడ్‌గార్డు కూడా లేదు. పాలక్యాన్లు మోసే సైకిళ్లు, పిల్లల్ని బడికి దింపే సైకిళ్లు నన్ను చూసి ఏమనుకుంటాయో నాకు తెలుసు. ఒక్క మనిషిని తప్ప మరేదీ మోయలేని ఒళ్లు నాది. ఆ ఒక్క మనిషిని కూడా ఎక్కడికీ చేర్చను. ఎక్కడ ఎక్కించుకున్నానో అక్కడికే తెచ్చి దింపుతాను. ఆ మధ్యలో మనిషి పడే ఆయాసానికి పందెం అని పేరు.

నా మొదటి జ్ఞాపకం వెలుగు. కోయంబత్తూరు శివార్లలో ఒక రేకుల షెడ్డు. పళనివేల్ అనే ఆయన ఉక్కు గొట్టాలు రెండు కలిసే చోట మంట పెట్టాడు. ఇత్తడి తేనెలా కరిగి సందుల్లోకి పాకింది. అప్పటిదాకా వేరువేరు గొట్టాలుగా పడి ఉన్న నేను ఆ వెచ్చదనంలో ఒక్కటయ్యాను. తరువాత నాకు వంగపండు రంగు వేశారు. ఆ రంగు నాకు నప్పుతుందని కాదు, షెడ్డులో ఆ రోజు అదే డబ్బా మూత తీసి ఉంది.

నన్ను కొన్నవాడు డేవిడ్ రాజు. రైల్వేలో ఉద్యోగం, ఉండేది బెజవాడ, మనిషి కాస్త పొట్టి. నా వెనక చక్రానికి ఏరికోరి గట్టిగా మోగే ఫ్రీవీలు పెట్టించాడు. తొక్కుతున్నంతసేపూ అది మాట్లాడదు. కాళ్లు ఆపి ఊరికే సాగిపోతే మాత్రం కీచురాళ్ల గుంపు లేచినట్టు కటకటమంటుంది. వెనక నుంచి ఆ మోత వినిపిస్తే ముందున్నవాళ్లు భయపడాలని ఆయన ఆశ. వాళ్లు భయపడ్డారో, చెవులు పగిలి పక్కకు తప్పుకున్నారో గానీ, ఆయన చాలా పందేలు గెలిచాడు. ఒకసారి పడి మెడ కింద భుజం ఎముక విరిగింది. అది అతుక్కునేలోగా పెళ్లయింది. నన్ను గోడకు మేకు కొట్టి తగిలించారు.

గోడ మీద ఉండటం నిద్రలాంటిది. కిటికీలోంచి వచ్చిన ఎండ నా ముందు చక్రం నీడను రోజూ నేల మీద తిప్పేది. కదలకుండానే ఎక్కడెక్కడికో వెళ్లినట్టుండేది. ఎన్నేళ్లు అలా తిరిగానో తెలియదు. డేవిడ్ రాజుకు కాకినాడ బదిలీ అయింది, నన్ను అక్కడి గోడకు తగిలించారు. కొన్నాళ్లకు ఆయన భార్యకు ఆ గోడ దగ్గర అల్మరా పెట్టుకోవాల్సి వచ్చింది. అలా నేను హిమబిందు చేతికొచ్చాను.

హిమబిందుకు నలభైకి దగ్గర వయసు. భానుగుడి దగ్గర మందుల షాపు నడుపుతుంది. రోజంతా కౌంటరు వెనక నిలబడి మోకాళ్లు పట్టేస్తుంటే డాక్టరు సైకిల్ తొక్కమన్నాడట. మనుషుల్ని మందు తాగమంటే చెంచాతో కొలిచి తాగుతారు గానీ, ఇలాంటివి చెబితే సీసా మొత్తం ఎత్తేస్తారు. ముందు మామూలు లేడీస్ సైకిల్ మీద ఉప్పాడ బీచ్ రోడ్డు దాకా వెళ్లివచ్చేది. తరువాత పొద్దున్నే తొక్కేవాళ్ల జట్టులో చేరింది. ఆ తరువాత వాళ్ల వెనకే ఉండిపోవడం నచ్చక నన్ను కొంది.

ఆ ఇంట్లో ఉండేది ఇద్దరే ఆడవాళ్లు. హిమబిందు భర్త సత్యమూర్తి సముద్రంలో చమురు బావి మీద ఉద్యోగి. కొన్ని వారాలు అక్కడ, కొన్ని వారాలు ఇక్కడ. రెండో మనిషి ఆయన తల్లి మాణిక్యాంబ. ఆవిడకు కళ్లలో నీటికాసులు. చూపు మెల్లమెల్లగా అంచుల నుంచి చీకటి పడుతూ వచ్చి, ఇప్పుడు వెలుగేదో నీడేదో తెలిసేంత మిగిలింది. నేను ఇంట్లోకి వచ్చిన రోజు ఆవిడ నన్ను తల నుంచి తోక దాకా తడిమి, నా సీటు దగ్గర ఆగింది.

“ఇదేంటే అమ్మాయ్, కూర్చోడానికా, కూరలు తరగడానికా?”

హిమబిందు పడీపడీ నవ్వింది. నాకైతే అవమానమే అనిపించింది. కానీ ఆవిడ అరచేయి ఎంత మెత్తగా ఉందో ఇప్పటికీ గుర్తు.

ఆ ఏడాది డిసెంబరులో మా ఊళ్లోనే పందెం పెట్టారు. క్రైటీరియం అంటారు దాన్ని. ఊరి మధ్య నాలుగు వీధులు మూసేసి, ఆ చిన్న చుట్టునే మళ్లీ మళ్లీ తిరగాలి. ముందున్నవాళ్లు ఒక చుట్టు ఎక్కువ తిరిగొచ్చి నిన్ను దాటేస్తే, ఈల వేసి పక్కకు పంపేస్తారు. ఇది వరసగా మూడు పొద్దులు, శుక్ర, శని, ఆదివారాలు. ఏ రోజు పందెం ఆ రోజుదే. ఇవాళ పక్కకు పోయినా రేపు మళ్లీ నిలబడొచ్చు. హిమబిందు అంతకుముందు విశాఖలోనూ రాజమండ్రిలోనూ ఇలాంటివాటికి వెళ్లింది. రెండు చోట్లా ఈల విని పక్కకొచ్చింది. ఆఖరి చుట్టుకు గంట కొడతారని ఆమెకు తెలుసు. ఆ గంట గుంపులో ఉండి వినాలన్నదే ఆమె కోరిక. గెలవాలన్న ఆలోచన కూడా లేదు.

మాణిక్యాంబను ఇంట్లో ఒక్కదాన్నీ వదలడానికి లేదు, ఒకసారి పొయ్యి ఆర్పడం మరిచిపోయింది. అందుకని శుక్రవారం తెల్లవారుతూనే ఆటోలో ఎక్కించి తీసుకొచ్చింది. పార్కు మూల మలుపు దగ్గర ఇంకా తెరవని జిరాక్సు షాపు ముందు ఒక ఎర్ర ప్లాస్టిక్ కుర్చీ వేసి, కట్టిన తాడుకు ఇవతల కూర్చోబెట్టింది.

“కదలకండి అత్తయ్యా. అయిపోగానే నేనే వస్తా.”

“ఎక్కడికి కదులుతానే, ఈ చలిలో!” అంది ఆవిడ, చెవుల మీదికి శాలువా లాక్కుంటూ.

మంచు పలచగా పట్టి ఉంది. వీధి దీపాలు ఇంకా ఆర్పలేదు; ఒక్కో దీపం చుట్టూ పత్తి పువ్వంత వెలుగు. మొదలవగానే మేమంతా ఒక గుంపు అయ్యాం. గుంపులోకి వెళ్లిన సైకిల్ సైకిల్‌గా ఉండదు. ముందున్న చక్రం గాలిని చీలుస్తుంది. వెనకున్నవాళ్లం ఆ చీలికలో తేలుతాం. ఎవరి ఊపిరి ఎవరిదో తెలియదు. వీధి మా కిందుగా నీళ్లలా జారిపోతుంది. నేను పుట్టింది ఇందుకే కదా అనిపించింది.

కానీ ఆ మూల వచ్చేసరికి కల చెదిరేది. పక్కన అంత దగ్గరగా మోచేతులు, పెడళ్లు. హిమబిందు వేళ్లు వాటంతట అవే బ్రేకు మీదికి వెళ్లేవి. గుంపు ఒక బారెడు ముందుకు జరిగేది. ఆమె సీటు మీంచి లేచి, నన్ను పీల్చి పిప్పిచేసి, గుంపును అందుకునేది. అందుకునేసరికి మళ్లీ అదే మూల. మధ్యలో మైకులో అరిచారు, ఈ చుట్టులో ముందు వచ్చినవాళ్లకు స్టీలు సామాన్ల కొట్టువారు ప్రెషర్ కుక్కర్ ఇస్తారని. అంతే, ఇంట్లో రెండేసి కుక్కర్లు ఉన్నవాళ్లు కూడా ప్రాణాలకు తెగించారు. గుంపు తాడులా సాగింది, తాడు చివర మేము తెగిపోయాం. ఇంకాసేపటికి వెనక నుంచి హోరు, పక్కనుంచి ఈల.

ఇంటికొచ్చి ఉప్మా తింటున్నప్పుడు మాణిక్యాంబ అంది: “నీ సైకిల్ చప్పుడు నాకు తెలుస్తుంది. మిగతావన్నీ ఝుమ్మంటాయి, నీది కటకటమంటుంది. వినపడీ వినపడీ ఉన్నట్టుండి ఆగిపోయింది.”

“వెనకపడిపోయాను, తీసేశారు అత్తయ్యా.”

“ఎందుకు పడవ్? ఆ మూల దగ్గర నువ్వొక్కదానివే బ్రేకు పట్టుకుంటున్నావ్. కీచుమంటోంది. వేరేవాళ్లెవరూ పట్టుకోవట్లేదు.”

హిమబిందు చెంచా పట్టుకున్న చేయి ఆగిపోయింది. “మీకు నేనొచ్చింది తెలిసిందా?”

“ప్రతిసారీ. నువ్వొచ్చినప్పుడల్లా హమ్మయ్య అనుకున్నా.” ఆవిడ ఇంకా చలి వదలని చేతుల్ని కాఫీ గ్లాసుకు చుట్టుకుంది. “రేపు పట్టుకోకు, చూద్దాం.”

శనివారం హిమబిందు బ్రేకు పట్టుకోలేదు. మొదటి చుట్లలో గుంపు మధ్యలోనే ఉన్నాం. ఆమె గుండె నా హ్యాండిల్ దాకా కొట్టుకుంటోంది, భయంతోనూ సంతోషంతోనూ. మూల దగ్గర రోడ్డు దాటే తెల్ల చారలున్నాయి. వాటి మీద మంచు తడి ఉందని నా టైరుకు తెలిసింది గానీ, చెప్పడానికి నాకు నోరేదీ? ఒక చుట్టులో కాళ్లు ఆపి, బిగుసుకుపోయి, ఉన్న వేగంతోనే వాలింది. చక్రం కింద నేల లేనట్టయింది.

మేమిద్దరం రోడ్డును గీసుకుంటూ చాలా దూరం జారాం. నా పెడలు నిప్పురవ్వలు రాల్చింది. అంతా నిశ్శబ్దం అయినట్టు అనిపించింది. ఆ నిశ్శబ్దంలో ఒక్క గొంతు.

“బిందూ! బిందూ!”

పడినవాళ్లకు ఈ పందెంలో ఒక వెసులుబాటు ఉంది. సైకిల్ సరిచేసుకుని తరువాతి చుట్టులో గుంపులో కలవొచ్చు. అప్పటికే ఒకాయన నన్ను లేవదీసి హ్యాండిల్ తిప్పుతున్నాడు, “ఎక్కండి మేడం, టైముంది” అంటున్నాడు. హిమబిందు నా వైపు చేయి చాచింది కూడా. అంతలో చూసింది. మాణిక్యాంబ కుర్చీలోంచి లేచి, తాడు కిందుగా దూరి, రెండు చేతులూ ముందుకు చాపి రోడ్డు మీదికి వచ్చేస్తోంది. శాలువా తాడుకు చిక్కుకుని వెనక వేలాడుతోంది. పైవీధిలో గుంపు హోరు వినిపిస్తోంది.

పెడలుకు తగులుకునేలా అడుగున ఇనుప ముక్కలున్న పందెం బూట్లతో నడవడమే కష్టం. హిమబిందు పరుగెత్తింది. జారుతూ, తూలుతూ వెళ్లి అత్తగారిని రెండు చేతులతో చుట్టేసి తాడు మీదికి తోసుకుంటూ పడింది. గుంపు వాళ్ల వీపుల్ని ఒరుసుకుంటూ పోయింది. ఇంక నన్ను ఎక్కలేదు.

ఆ మధ్యాహ్నం మేడ మెట్ల కింద నన్ను ఆనించి, ఆమె తన మోచేతి గాయాన్ని తనే కడుక్కుంది. దూది, మందు, గుడ్డ. ఎదుటివాళ్లకు ఎలా కడుతుందో అలాగే కట్టుకుంది. మాణిక్యాంబ పక్కనే కూర్చుని ఆ దూది వాసన పీలుస్తోంది.

“నా మాట విని పడ్డావ్.”

“మీ మాట విని కాదు, నాకు చేతకాక.”

“రేపు వెళ్లకు బిందూ. సముద్రం నుంచి వాడొచ్చి అడిగితే ఏం చెప్పను నేను?”

హిమబిందు మిగిలిన దూది చుట్టి డబ్బాలో పెట్టింది. అప్పుడే డేవిడ్ రాజు వచ్చాడు; నేను పడ్డానని ఎవరో చెప్పారట. నా వంకర హ్యాండిల్‌ను మోకాళ్ల మధ్య ఇరికించి తిప్పాడు, వెనక గేరు కొక్కెం సరిచేశాడు, చక్రం తిప్పి చెవి దగ్గర పెట్టుకున్నాడు. నన్ను గోడకు తగిలించిన మనిషే. కానీ ఆ వేళ్లు తగలగానే నా మీద పాత పందేల గాలి వీచినట్టయింది.

“బ్రేకు పట్టాలా వద్దా అన్నది కాదమ్మా అసలు సంగతి,” అన్నాడు. “మూలకు ముందే వేగం చూసుకోండి. రోడ్డు బయటి అంచు నుంచి లోపలికి రండి, మళ్లీ బయటికి వెళ్లండి. ఆ మూల వెడల్పుగానే ఉంది కదా. అలా వస్తే కాళ్లు ఆపక్కర్లేదు, తొక్కుతూనే తిరిగిపోవచ్చు.”

ఆయన వెళ్లాక హిమబిందు అంది: “రేపు వెళ్తానత్తయ్యా. మీరూ రండి. కానీ ఒక్కటి. ఏం వినపడినా, వినపడకపోయినా కుర్చీలోంచి లేవకూడదు.”

“నువ్వు పడినా?”

“పడినా. చూసుకోడానికి అక్కడ మనుషులున్నారు. మీరు లేస్తే నేను తొక్కలేను.”

మాణిక్యాంబ కొంగు చివర వేలికి చుట్టుకుంటూ, విప్పుతూ ఉండిపోయింది. “నాకేమైనా కనపడుతుందటే, కూర్చుని చూడ్డానికి? ఆ కటకట ఒక్కటే నాకు. సరే వెళ్లు. లేవను.”

ఆదివారం మంచు ఇంకా దట్టంగా ఉంది. వీధులకు చివరలు లేవు. ఇళ్లు, చెట్లు, మైకు కట్టిన స్తంభం అన్నీ మా ముందు పుట్టి మా వెనక కరిగిపోతున్నాయి. హిమబిందు మూల రాకముందే కొంచెం తగ్గింది, బయటి అంచు నుంచి లోపలికి వాలింది, కాళ్లు ఆపలేదు. మలుపు మమ్మల్ని చేత్తో పట్టుకుని తిప్పినట్టు తిరిగాం. ముందున్న చక్రం మా ముందే ఉంది. బారెడు ఎడం రాలేదు. రెండో చుట్టు అంతే. మూడోదీ అంతే. ఆమె నోట్లోంచి చిన్న నవ్వు ఆవిరై నా మీదుగా పోయింది.

నాకు మాత్రం అప్పుడే అర్థమైంది. నేను మోగలేదు.

మిగతా వీధుల్లోనూ ఆమె కాళ్లు ఆపడం లేదు. ఆపితే ఎక్కడో మంచులో మోగేవాణ్ణి, ఆ మూలకు వినపడేదీ కాదు. వినిపించాల్సిన ఒక్క చోట నేను మూగవాణ్ణి. ఎంత బాగా తొక్కితే అంత మూగవాణ్ణి. ఆ సంగతి హిమబిందుకు తట్టలేదు. అత్తగారు ప్రతి చుట్టూ వింటూనే ఉందనుకుంటూ, నిశ్చింతగా తొక్కుతోంది.

మాణిక్యాంబ నాకు చుట్టుకొక రెప్పపాటు కనిపించేది. మొదట్లో మెడ చాచి, చెవి రోడ్డు వైపు తిప్పి ఉంది. తరువాత శాలువా చెవుల మీది నుంచి తీసేసింది. ఆ తరువాత రెండు చేతులూ కుర్చీ చేతుల మీద. మంచులోంచి ఆవిడ ముఖం ప్రతిసారీ కొంచెం కొంచెం తెల్లబోతూ వచ్చింది. అమ్మా, ఇక్కడే ఉన్నాం, నీ ముందునుంచే పోతున్నాం అని చెప్పాలనిపించింది. ఉక్కును ఎంత మంటలో కరిగించినా మాట పుట్టదు.

పందెం సగం దాటాక, మా వెనకే, సరిగ్గా ఆ మూల మీదే, ఇద్దరు రాజమండ్రి అమ్మాయిలు పెడలూ పెడలూ తగులుకుని పడ్డారు. ఇనుము రోడ్డును గీరిన చప్పుడు వీధి వీధంతా లేచింది. మేము అప్పటికే మలుపు దాటేశాం. హిమబిందు తల తిప్పలేదు, తిప్పే వీలు లేదు. మళ్లీ ఆ చుట్టు తిరిగొచ్చేదాకా నా చువ్వలన్నీ బిగుసుకుపోయాయి.

తిరిగొచ్చాం. మాణిక్యాంబ సగం లేచి ఉంది. మోకాళ్లు వంగి, ఒళ్లు కుర్చీని వదిలి, చేతులు మాత్రం వదలకుండా. పెదవులు కదులుతున్నాయి. ఆ తరువాతి చుట్టులో చూశాను: కూర్చుంది. కొంగు నోట్లో కుక్కుకుని, కళ్లు గట్టిగా మూసుకుని, కుర్చీని రెండు చేతులతో నేలకు అదిమిపట్టి కూర్చుంది. నేను చాలా పందేలు చూశాను. అంత కష్టపడి గెలిచినవాళ్లను చూడలేదు.

గంట మోగింది. హిమబిందు గుంపులో ఉండి విన్నది. ఆ క్షణంలో ఆమె బరువు తగ్గినట్టు నాకు తెలిసింది. ఆఖరి చుట్టు ఎలా అయిందో చెప్పలేను. మంచు, మోచేతులు, ఎవరిదో కేక, తెల్ల గీత. ఆమెకు పదిహేడో స్థానం వచ్చింది. మర్నాడు పేపర్లో మొదటి ముగ్గురి పేర్లు వేశారు.

గీత దాటాక కాళ్లు ఆపేసింది. నేను గొంతు విప్పాను. తల వంచి, చేతులు వేలాడేసి, ఆమె అలా సాగిపోతుంటే వీధి పొడవునా కటకటమంటూ పోయాను. పార్కు మూల వచ్చింది. ఎర్ర కుర్చీలో మనిషి కళ్లు తెరిచింది.

అప్పుడు కూడా లేవలేదు. మేము దగ్గరికి వచ్చి ఆగేదాకా కూర్చునే ఉంది. హిమబిందు దిగి తాడు పైనుంచి వంగగానే, ఆ ముఖాన్ని, భుజాల్ని, మోచేతి కట్టును గబగబా తడిమి, వీపు మీద ఫెళ్లున ఒకటి చరిచింది.

“ఇంతసేపూ ఎక్కడ చచ్చావే? ఒక్కసారైనా వినపడ్డావా?”

“తొక్కుతున్నా అత్తయ్యా,” అంది హిమబిందు ఆయాసపడుతూ. అంతలో ఆమెకు తట్టింది. “అయ్యో... కాళ్లు ఆపలేదు. ఒక్కసారి కూడా ఆపలేదు.”

“ఆపలేదా?”

“లేదు. ఆఖరిదాకా ఉన్నాను. గంట విన్నాను.”

మాణిక్యాంబ కోడలి తల తన పొట్టకేసి నొక్కుకుని, చెమట పట్టిన ఆ జుట్టును శాలువాతో తుడుస్తూ ఉంది. జిరాక్సు షాపాయన తలుపులు తీస్తూ, కుర్చీ తనదని చెప్పాలా వద్దా అని ఆలోచిస్తూ నిలబడ్డాడు.

ఆ తరువాత మేము చాలా పందేలకు వెళ్లాం. కొన్ని పూర్తి చేశాం, కొన్నింటిలో ఈల విన్నాం. ఒక వేసవిలో నా ఫ్రేము ముందు భాగంలో వెంట్రుకంత పగులు కనిపించింది. డేవిడ్ రాజు వేలితో రాసి చూసి, రోడ్డు మీద ఇంక వద్దన్నాడు. హిమబిందు సైకిళ్ల దుకాణం నుంచి కొత్తది తెచ్చుకుంది. నల్లగా, తేలిగ్గా, ఒక్క వేలికి లేస్తుంది. నన్ను పాత ఇనుముకు వేస్తారనుకున్నాను. నాలాంటివాళ్లు వెళ్లే చోటు అదే, అందులో విచారించడానికేమీ లేదు. కరిగితే మళ్లీ ఆ తేనె వెలుగులోకే కదా.

కానీ మాణిక్యాంబకు షుగరు వచ్చింది. నడవమన్నారు. వీధిలో గుంతలు, కుక్కలు, స్కూటర్లు. చూపు లేని మనిషి ఎక్కడ నడుస్తుంది? సత్యమూర్తి సెలవులో వచ్చినప్పుడు వెనక చక్రాన్ని గాలిలో పట్టి ఉంచే ఇనుప స్టాండు ఒకటి తెచ్చి, నన్ను వసారాలో బిగించాడు. నా వంపు హ్యాండిల్ తీసి నిటారుదీ, కత్తిలాంటి సీటు తీసి వెడల్పుదీ పెట్టాడు. పళనివేల్ చూస్తే ఏడ్చేవాడు.

ఇప్పుడు రోజూ సాయంత్రం ఆవిడ నైటీ కాస్త పైకి దోపుకుని, కొడుకో కోడలో చేయి పట్టుకుంటే నన్ను ఎక్కుతుంది. జీవితంలో సైకిల్ ఎక్కడం ఆవిడకు ఇదే మొదలు. మొదటి రోజు పడిపోతానని కేకలు పెట్టింది. ఇప్పుడు చేతులు వదిలి జడ కూడా సర్దుకుంటుంది. హిమబిందు పక్కన స్టూలు మీద కూర్చుని బెండకాయలు తరుగుతూ దారి చెబుతుంటుంది.

“జగన్నాథపురం వంతెన దాటాం అత్తయ్యా. ఎడమ పక్క పడవలు.”

“వల వాసన వస్తోందిలే.”

“ఇప్పుడు తాళ్లరేవు. రోడ్డుకు రెండు పక్కలా కొబ్బరి చెట్లు.”

మొన్న ఒక సాయంత్రం వాన వెలిసింది. వసారా ముందు వెలుగు లేత పసుపుగా ఉంది. ఆవిడ చాలాసేపు తొక్కింది. చెంపలు ఎర్రబడ్డాయి, నుదుట చెమట పట్టింది.

“ఎక్కడిదాకా వచ్చాం?”

హిమబిందు చాకు పక్కన పెట్టింది. “యానాం. వంతెన ఎక్కుతున్నాం. మెల్లగా ఎత్తు వస్తుంది, తొక్కండి. ఆ, అంతే. ఇప్పుడు పైకొచ్చేశాం. కింద గోదారి.”

“నిండుగా ఉందా?”

“నిండుగా ఉందత్తయ్యా. అవతలి ఒడ్డు మసగ్గా ఉంది.”

మాణిక్యాంబ పాదాలు నెమ్మదించాయి. నా హ్యాండిల్ మీదికి కొంచెం వంగి, ముఖం వాన వెలిసిన వెలుగు వైపు తిప్పింది.

“కాస్త ఆగుదామే,” అంది. “చూడనీ.”

ముగ్గురం ఆగాం. కింద గోదారి సముద్రం వైపు పోతూ ఉంది.